అడిగిందేమిటి? చెప్పిందేమిటి?



రేడియోలో కూర్చుని టి.వి. గురించి మాట్లాడటమేమిటని నవ్వుకోకండి. టి.వి.లో వచ్చే ఇంటర్వ్యూలను ఎలా చూడాలో చెప్పడానికి రేడియోకి మించిన చోటు లేదని నాకీమధ్యనే తెలిసొచ్చింది. ఎలాగో చెబుతాను.

కిందటి నెల ఒకనాటి సాయంత్రం ముందుగదిలో మావారూ, మా అబ్బాయీ టి.వి. ముందు కూర్చున్నారు. ఎవరో పెద్దమనిషితో ఇంటర్వ్యూ వస్తోంది. నేను వంటింట్లో చారుకు పోపు పెడుతున్నాను. బొమ్మ కనబడదు, మాట మాత్రం వినబడుతోంది. కార్యక్రమం అయిపోయాక, "ఎంత ధీమాగా మాట్లాడాడురా!" అన్నారు మావారు. "అదరగొట్టాడు నాన్నా" అన్నాడు మావాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఇంతకీ ఏం చెప్పాడు?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన కూర్చున్న తీరు చెప్పారు, నవ్విన తీరు చెప్పారు, అడిగే కుర్రాడు తడబడిన సంగతి కూడా చెప్పారు. మంచినీళ్ళ పథకం ఎప్పటికి పూర్తవుతుందన్న ప్రశ్నకి జవాబేమిటో మాత్రం ఇద్దరికీ గుర్తు లేదు. గుర్తుండడానికి ఆయన జవాబంటూ ఇస్తే కదా! వంటింట్లో ఉన్న నాకు ఆ సంగతి తెలిసిపోయింది. ఎందుకంటే, నాకు బొమ్మ అడ్డం రాలేదు.

ఇందులో నా గొప్పేమీ లేదు. టి.వి. స్వభావమే అంత. అది మనిషి మాట కంటే మనిషి ముఖాన్ని ఎక్కువ చూపిస్తుంది. మనం ముఖాన్ని చూసి, మాటను నమ్మేస్తాం. యుద్ధాలు, ఎన్నికలు, ధరలు, కళలు, ఏ విషయమైనా సరే, మన అభిప్రాయాల్లో సగం ఈ ఇంటర్వ్యూలు చూసి ఏర్పరచుకున్నవే. రేపు మన ఓటు కూడా వాటినిబట్టే పడుతుంది. కాబట్టి వాటి లోగుట్టు కాస్త తెలుసుకుని ఉండటం మంచిది కదూ?

అసలు ఇంటర్వ్యూ అంటే ఏమిటి? మన ఆడవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాలంటే, అది పెళ్ళిచూపుల వంటిది. ఎవరెక్కడ కూర్చోవాలో ముందే అనుకుంటారు. ఏమేమి అడగాలో, ఏది అడగకూడదో కూడా ఒక్కొక్కప్పుడు మధ్యవర్తి ద్వారా తేలిపోయి ఉంటుంది. రెండువైపులవాళ్ళూ కడిగిన ముత్యాల్లా తయారై వస్తారు. అక్కడ జరిగేదంతా అబద్ధమనడానికి వీల్లేదు, అలాగని అంతా సహజమనీ అనలేం. అందుకే మన పెద్దలు పెళ్ళిచూపుల్లో విన్నదాన్నిబట్టే సంబంధం ఖాయం చేసుకునేవారు కారు. వాళ్ళు చెప్పనిదేమిటో గమనించేవారు. వీధిలో నలుగురినీ వాకబు చేసేవారు. ఆ తెలివినే ఇక్కడా వాడుకోవాలంటాను.

మొదట కెమేరా సంగతి చూద్దాం. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1959లో 'ఫేస్ టు ఫేస్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ప్రశ్నలడిగేది జాన్ ఫ్రీమన్. ఆయన తర్వాతి కాలంలో, 1965 నుంచి 1968 వరకు, మన ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనరుగా పనిచేశారు కూడా. ఆ కార్యక్రమంలో ఫ్రీమన్ ముఖం దాదాపు కనిపించేదే కాదు. మహా అయితే వీపు, తల వెనుక భాగం. కెమేరా అంతా ఎదుటి మనిషి ముఖం మీదే. కనురెప్ప కొట్టుకోవడం, పెదవి వణకడం, చెమట పట్టడం, ఏదీ దాగేది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త యూంగ్ 80 దాటిన వయస్సులో ఆ కార్యక్రమానికి మాట్లాడారు. మీరు దేవుణ్ణి నమ్ముతారా అని ఫ్రీమన్ అడిగితే, ఆయన కాస్త ఆగి, నమ్మవలసిన అవసరం లేదు, నాకు తెలుసు, అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. ఆ జవాబులోని మాటలు ఎంత ముఖ్యమో, జవాబుకి ముందు ఆయన ఆగిన ఆ క్షణం కూడా అంత ముఖ్యం. అచ్చులో చదివితే ఆ క్షణం మనకి దొరకదు. టి.వి. గొప్పతనమంతా అక్కడుంది.

ప్రమాదమూ అక్కడే ఉంది. గిల్బర్ట్ హార్డింగ్ అని ఆ రోజుల్లో బ్రిటిష్ టి.వి.లో పేరుమోసిన మనిషి, ముక్కుమీద కోపానికి ప్రసిద్ధి. 1960లో అదే కార్యక్రమంలో, ఎవరైనా మరణించడం దగ్గరుండి చూశారా అని ఫ్రీమన్ అడిగేసరికి, తన తల్లి గుర్తుకొచ్చి ఆయన కంట తడిపెట్టారు. దేశమంతా చూసింది. ఆ యేడే ఆయన చనిపోయారు. ఆ ప్రశ్న అడగవలసిందేనా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. ఎదుటి మనిషి ఏడిస్తే మన గుండె కరుగుతుంది, అది సహజం. కాని ఒక మనిషి కన్నీళ్ళు మనకి ఆ మనిషి బాధను చెబుతాయి తప్ప, ఆయన చెప్పిన ప్రతి విషయమూ నిజమని సాక్ష్యం పలకవు. ఈ రెండింటినీ విడదీసి చూడటం మనం అలవాటు చేసుకోవాలి.

ఇక రాజకీయాల సంగతి. టి.వి. ఇంటర్వ్యూల్లో ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ది. వాటర్‌గేట్ వ్యవహారం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1972లో ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో దొంగతనంగా జొరబడి కొందరు పట్టుబడ్డారు. ఆ కేసును కప్పిపుచ్చడంలో అధ్యక్షుడి చెయ్యే ఉందని క్రమంగా బయటపడింది. 1974 ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా చేశాడు. నెల తిరిగేసరికి ఆయన స్థానంలోకి వచ్చిన ఫోర్డు ఆయనకి క్షమాభిక్ష పెట్టేశాడు. అంటే, ఇక కోర్టు లేదు, బోను లేదు, విచారణ లేదు. మరి ప్రజల తరఫున ఆయన్ని అడిగేదెవరు?

అడిగినవాడు డేవిడ్ ఫ్రాస్ట్ అనే ఇంగ్లీషు టి.వి. వ్యాఖ్యాత. సరదా కబుర్ల కార్యక్రమాలు నడిపేవాడని ఆయనంటే చాలామందికి చులకన. పైగా ఇంటర్వ్యూ ఇచ్చినందుకు నిక్సన్‌కి 6 లక్షల డాలర్లు, ఆపైన లాభాల్లో వాటా ఇస్తానని ఒప్పుకున్నాడు. డబ్బిచ్చి మాట్లాడించడమేమిటని ఎంతోమంది ఈసడించారు. అమెరికాలోని పెద్ద టి.వి. సంస్థలు వెనక్కి తగ్గితే, ఫ్రాస్ట్ తానే డబ్బు కూడగట్టుకుని దిగాడు. 1977 వసంతకాలంలో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో దాదాపు 29 గంటలపాటు సంభాషణ రికార్డు చేశారు. చూపించినది మొదట నాలుగు భాగాలు, ఒక్కొక్కటి గంటన్నర. మొదటి భాగం 1977 మే 4న వచ్చింది. నాలుగున్నర కోట్ల మంది చూశారని లెక్క. మన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైనది కూడా ఆ యేడే, అక్టోబరులో.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, 29 గంటల్లో మనకి చూపించినది ఎంత, కత్తిరించినది ఎంత అన్న లెక్క. ఏ రికార్డు చేసిన ఇంటర్వ్యూ అయినా అంతే. గంటసేపు మాట్లాడిన మాటల్లోంచి పది నిమిషాలు ఏరుతారు. చాలాసార్లు ఒకే కెమేరా ఉంటుంది కనుక, అతిథి వెళ్ళిపోయాక ప్రశ్నలడిగినవాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టి, తల ఊపుతున్నట్టూ, శ్రద్ధగా వింటున్నట్టూ విడిగా తీసి మధ్యలో అతికిస్తారు. అందులో మోసమేమీ ఉండకపోవచ్చు. కాని బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు రాళ్ళే ఏరాలి, ఏరే చెయ్యి పొరపాటున బియ్యపు గింజల్ని పారేయకూడదు. ఆ చెయ్యి మనకి టి.వి.లో కనబడదు కనుక, అది ఉందన్న సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి.

రెండవది, ఫ్రాస్ట్ పడిన శ్రమ. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు నెలల తరబడి కాగితాలు చదివారు. నిక్సన్ తన సహాయకుడితో మాట్లాడిన మాటల నకలు, అప్పటికి బయటికి రానిది, సంపాదించారు. వాటర్‌గేట్ గురించి మాట్లాడే రోజున ఫ్రాస్ట్ ఆ మాటల్ని ముందు పెట్టేసరికి, అంతవరకు వకీలులా వాదించిన నిక్సన్ తడబడ్డాడు. అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదన్న ధోరణిలో ఒకచోట మాట్లాడిన మనిషే, మరొకచోట తన స్నేహితులనూ, దేశాన్నీ నమ్మించి నిరాశపరిచానని ఒప్పుకున్నాడు. కోర్టు చెయ్యలేని పనిని ఒక కుర్చీ, ఒక కెమేరా, ఒక కట్ట కాగితాలు కొంతవరకైనా చేశాయి. గొంతు పెంచితే ఆ మాటలు వచ్చేవి కావు. చదువుకుని వచ్చి అడగబట్టి వచ్చాయి.

అదే 1977లో, నవంబరు 14న ఇంకో సంగతి జరిగింది. ఈజిప్టుకీ, ఇజ్రాయెల్‌కీ అప్పటికి ముప్ఫయ్యేళ్ళ వైరం. అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థకి చెందిన వాల్టర్ క్రాంకైట్ ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌తోనూ, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌తోనూ ఉపగ్రహం ద్వారా విడివిడిగా మాట్లాడాడు. ఆహ్వానిస్తే వెళ్తారా అని ఒకరిని, వస్తే ఆహ్వానిస్తారా అని మరొకరిని అడిగాడు. ఇద్దరూ సరేనన్నారు. అయిదు రోజుల తర్వాత సాదత్ ఇజ్రాయెల్‌లో విమానం దిగాడు. 1979 మార్చిలో ఆ రెండు దేశాలూ శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అంతా ఒక్క ఇంటర్వ్యూ మహిమే అనను. సాదత్ తాను వెళ్ళడానికి సిద్ధమని అంతకు ముందే తమ పార్లమెంటులో చెప్పి ఉన్నాడు, తెరవెనుక రాయబారాలూ నడిచాయి. కాని కోట్లమంది వింటూండగా అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే. పదిమందిలో తాంబూలాలు పుచ్చుకున్నాక సంబంధం తప్పించుకోవడం ఎంత కష్టమో మనకి తెలియనిదా?

మరి జవాబు చెప్పకుండా తప్పించుకునేవాళ్ళ మాటేమిటి? 1997 మే నెలలో బి.బి.సి. 'న్యూస్‌నైట్' కార్యక్రమంలో జెరెమీ పాక్స్‌మన్ అనే ఆయన మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్‌ని ఒక ప్రశ్న అడిగాడు. జైళ్ళ శాఖ ప్రధానాధికారి నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని మీరు ఆయన్ని బెదిరించారా, లేదా? హోవర్డ్ తనకున్న అధికారాలేమిటో చెప్పాడు, చట్టమేమిటో చెప్పాడు. అవునని గాని, కాదని గాని అనలేదు. పాక్స్‌మన్ అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. మళ్ళీ అడిగాడు. సుమారు డజను సార్లు అడిగాడు. తమాషా ఏమిటంటే, తర్వాత రావలసిన అంశం సిద్ధం కాలేదని, కాలయాపనకే అలా అడుగుతూ పోయానని పాక్స్‌మనే తర్వాత చెప్పుకున్నాడు! కారణమేదైనా, చూసేవాళ్ళకి ఒక సంగతి తేటతెల్లమైంది. జవాబు రాకపోవడమే ఆనాటి జవాబు.

ఈ రోజుల్లో కొన్ని కార్యక్రమాల్లో పదిమంది ఒక్కసారే అరుస్తుంటే, అదే గట్టిగా నిలదీయడం అనుకుంటున్నారు చాలామంది. అరవడం వేరు, అడగడం వేరు. నిలదీసేవాడు ఎదుటివాణ్ణి పూర్తిగా చెప్పనిస్తాడు. చెప్పాక, అడిగినదానికి అది జవాబు కాదని మర్యాదగానే గుర్తు చేస్తాడు.

ఇప్పుడు మనకి బాగా తెలిసిన మనిషి ఉదాహరణ చెబుతాను. జయలలితగారు. 'మనుషులు మమతలు' నాటినుంచి మన తెలుగువాళ్ళకి ఆమె పరాయి మనిషి కాదు కదా. 1999లో ఆమె సిమీ గరేవాల్ కార్యక్రమంలో మాట్లాడారు. తెల్లటి అలంకరణ, మెత్తటి ప్రశ్నలు. తల్లి గురించి, చిన్నతనం గురించి, ఒంటరితనం గురించి చెప్పారు. పాత హిందీ పాట ఒకటి పాడారు కూడా. చూసినవాళ్ళు, ఈమెలో ఇంత సుకుమారం ఉందా అనుకున్నారు. అయిదేళ్ళ తర్వాత, 2004లో, ముఖ్యమంత్రిగా ఉండగా, బి.బి.సి. 'హార్డ్‌టాక్ ఇండియా' కోసం కరణ్ థాపర్ ఆమెను ఇంటర్వ్యూ చేశారు. ఒక్కొక్క ప్రశ్నా ముల్లులా గుచ్చుకునేది. చివర మీతో మాట్లాడటం సంతోషమని ఆయనంటే, మీతో మాట్లాడటం నాకు సంతోషంగా లేదని మొహంమీదే చెప్పి, నమస్తే అని లేచిపోయారు.

ఈ ఇద్దరిలో అసలు జయలలిత ఎవరు? ఇద్దరూ ఆమే. మనిషి మారలేదు, ఎదుటి కుర్చీ మారింది. అదే ఇంటి ఇల్లాలు పుట్టింటికి వెళ్తే ఒకలా, అత్తింటి పంచాయితీలో ఒకలా కనబడదూ? మెత్తని ఇంటర్వ్యూ చూసి దేవత అనుకోవడమూ తొందరపాటే, కఠినమైనది చూసి పొగరు అనుకోవడమూ తొందరపాటే. పైగా మగ నాయకుడు విసుక్కుంటే ధాటి అనీ, ఆడ నాయకురాలు విసుక్కుంటే పొగరు అనీ అనడం మనలోనే ఉంది. ఆ కొలత ఇద్దరికీ ఒకటేనా అని మనల్ని మనం అడుగుకోవాలి.

చివరగా, నన్ను బాగా బాధపెట్టిన ఉదాహరణ ఒకటుంది. బ్రిటిష్ యువరాణి డయానా 1995 నవంబరు 20న బి.బి.సి. 'పనోరమా'లో మార్టిన్ బషీర్‌తో మాట్లాడారు. తన కాపురంలో ముగ్గురున్నారని, ఇరుకైపోయిందని ఆమె చెప్పిన తీరు ఎవరు మరచిపోగలరు? బ్రిటన్‌లోనే 2 కోట్లమందికి పైగా చూశారు. నేను చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంటర్వ్యూ చూశాను, చూసి ఏడ్చాను. మరుసటి యేడు ఆమెకి విడాకులైనాయి, 1997లో ఆమె చనిపోయారు. ఆ ఇంటర్వ్యూ సంపాదించడానికి బషీర్ దొంగ బ్యాంకు కాగితాలు తయారు చేయించి, ఆమె తమ్ముడికి చూపించి, ఆయన ద్వారా ఆమెకి దగ్గరయ్యాడని 2021లో న్యాయమూర్తి డైసన్ తన విచారణ నివేదికలో తేల్చారు. బి.బి.సి. క్షమాపణ చెప్పింది. ఆ ఇంటర్వ్యూని ఇక ప్రసారం చేయబోమని 2022లో ప్రకటించింది. తన తల్లి చివరి రోజుల్లో పడిన భయాలకీ, అనుమానాలకీ ఆ మోసం తోడయిందని పెద్దకొడుకు విలియం బాధపడ్డారు.

ఆమె చెప్పుకున్న బాధ అబద్ధమని నేననను. ఆ బాధ నిజమే. కాని ఆమెను ఆ కుర్చీలోకి తెచ్చిన దారి దొంగదారి. ఆ తెరమీద మనం చూసిందంతా ఆమె ముఖమే. ఆ దారి ఎక్కడా కనబడలేదు. పాతికేళ్ళ తర్వాత గాని లోకానికి పూర్తిగా తెలియలేదు. అందుకే, ఎంత కదిలించే ఇంటర్వ్యూ అయినా, ఈ మనిషి ఈ కుర్చీలోకి ఎలా వచ్చారు అన్న ప్రశ్న మన మనస్సులో ఒక మూల ఉండాలి.

మరి ఇల్లాళ్ళం మనం చెయ్యగలిగిందేమిటి? పెద్ద పనేమీ కాదు. ఇంటర్వ్యూ మొదలవగానే ఇది అప్పటికప్పుడు వస్తున్నదా, ముందే రికార్డు చేసినదా చూడండి. మాట్లాడేవారికి ఇప్పుడే మాట్లాడవలసిన అవసరం ఏమొచ్చిందో ఆలోచించండి. ఎన్నికలు దగ్గరపడ్డాయా, సినిమా విడుదలవుతోందా, పుస్తకం అమ్మాలా? అడిగినదానికీ, చెప్పినదానికీ పొంతన ఉందా గమనించండి. జవాబు రాకపోతే మళ్ళీ అడిగారా, లేక నవ్వేసి ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోయారా? అసలు అడగవలసిన ప్రశ్న ఏదైనా అడగకుండా మిగిలిపోయిందా?

ఇంకొక్క చిట్కా. ఇది మాత్రం నా స్వంతం. ముఖ్యమైన ఇంటర్వ్యూ ఏదైనా వస్తే, అయిదు నిమిషాలు టి.వి.కి వీపు పెట్టి వినండి. కూర తరుగుతూనో, బట్టలు మడత పెడుతూనో వినండి. చూసేటప్పుడు మెరిసిన మాటల్లో ఎన్ని నిలబడతాయో మీకే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ వంటింట్లో ఉండిపోయి సగమే విన్నామని మనం చిన్నబుచ్చుకుంటున్నాం. నిజానికి ఆ సగమే అసలు సగం కావచ్చు.

మొన్న మళ్ళీ అటువంటి ఇంటర్వ్యూయే వచ్చింది. నేను వంటింట్లోనే ఉన్నాను. ఈసారి కార్యక్రమం అయ్యాక మావాడు గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, ఆయన జవాబు చెప్పాడంటావా?" అని అడిగాడు. "ముందు నువ్వేం విన్నావో చెప్పు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి" అన్నాడు. ఆ పూట చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను గాని, ఎవరూ ఏమీ అనలేదు లెండి.

సెలవు.